అందరూ గ్యాలరీ దిగేదాకా

జనం చప్పట్లు కొట్టి పంపిన ఊళ్లలో చాలావాటి పేర్లు నాకిప్పుడు గుర్తులేవు. తిట్టి పంపిన ఊరు మాత్రం దారితో సహా గుర్తుంది. పామర్రు దాటి కొంచెం లోపలికి వెళ్లాలి. పేరు చెప్పను. ఆ ఊరివాళ్ల తప్పేమీ లేదు.

ఈమధ్య విజయవాడలో కొత్తగా పాడుతున్న పిల్లలు కొందరు నన్ను పిలిచారు. లాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టుకుని, చెవిలో చిన్న మిషన్ పెట్టుకుని పాడే పిల్లలు. చక్కగా పాడుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, మీరు డిస్కో పాటలు పాడే రోజుల్లో మీ బెస్ట్ ప్రోగ్రామ్ ఏది?" అని. ఏదో పెద్ద ఊరి పేరు చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అసలు జవాబు నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

మాది గుణదల. నాన్న రైల్వేలో, అమ్మ ఆస్పత్రిలో పని చేసేవాళ్లు. చర్చిలో పాడుతూ పాడుతూ నాకు పాట అబ్బింది. కాలేజీ వార్షికోత్సవంలో పాడితే, ఆర్కెస్ట్రా నడిపే మాస్టారొకాయన విని మా ఇంటికి వచ్చారు. అకార్డియన్ వాయించేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "పిల్లను మీరే తీసుకెళ్లి మీరే గుమ్మం దాకా తెచ్చి దింపాలండి" అంది. ఆయన చివరిదాకా ఆ మాట తప్పలేదు.

మొదట్లో నాకు మెలోడీలు ఇచ్చేవారు. అంతలో డిస్కో వచ్చిపడింది. మంగలి షాపులో అదే, టీ కొట్టులో అదే, పెళ్లి పందిట్లో అదే. మా ట్రూపులో పెద్ద సింగరు ఒకావిడ ఉండేవారు. "ఆ కేకలు పెడితే గొంతూ పాడవుతుంది, పేరూ పాడవుతుంది" అని ఆవిడ పాడనన్నారు. దాంతో అవి నా నెత్తిన పడ్డాయి. వన్‌టౌన్‌లో ఒక టైలరు నాకు వెండిరంగు గుడ్డతో ప్యాంటు, చమ్కీలు కుట్టిన పొడుగు కోటు తయారుచేశాడు. అది వేసుకుని మొదటిసారి హాల్లోకి వస్తే నాన్న పేపరు దించి చూసి, "వానొచ్చినా తడవవులే" అని మళ్లీ పేపరు చదువుకున్నారు. అంతకు మించి ఆ విషయం మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

కొద్దికాలానికే తెనాలి నుంచి బందరు దాకా పోస్టర్ల మీద నా బొమ్మ పడింది. నా పేరు ఎవరికీ తెలియదు, 'డిస్కో అమ్మాయి' అంటే మాత్రం తెలుసు.

ఆ పాటలు పాడటం తేలికని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో గొంతు పని సగమే. మిగతా సగం జనాన్ని లేపి నిలబెట్టడం. మాస్టారు మొదట్లోనే చెప్పారు. "ముందు వరసవాళ్ల మొహాలు చూడకమ్మా. వాళ్లు మర్యాదకి నవ్వుతారు. చివరి వరసవాళ్ల కాళ్లు చూడు. ఆ కాళ్లు ఆడుతున్నాయంటే పాట వాళ్ల దాకా వెళ్లినట్టు." నేను అలాగే చూసేదాన్ని. అలవాటైపోయింది.

నాకు బలమంతా మా డ్రమ్మరు. మంగళగిరి కుర్రాడు, నాకన్నా చిన్నవాడు, నేతపని ఇంటి నుంచి వచ్చాడు. "అక్కా" అనేవాడు. వాడు దెబ్బ వేశాడంటే గోడకు మేకు దిగినట్టుండేది. వాడు వెనకాల ఉన్నంతసేపూ నేను తాళం గురించి ఆలోచించేదాన్నే కాదు.

అలాంటి రోజుల్లో ఒక కాసెట్ కంపెనీ ఆయన మాస్టారికి కబురు పెట్టారు. తెలుగులో డిస్కో పాటలతో కాసెట్ వేద్దామనుకుంటున్నారట, కొత్త గొంతు కావాలట. "అమ్మాయి రికార్డులాగా పాడుతుందని విన్నాను. జనం మధ్య ఎట్టా పాడుతుందో చూడాలి" అన్నారట. మా తర్వాతి ప్రోగ్రామ్ పామర్రు అవతల ఉంది. అక్కడికి వస్తానన్నారు.

ఆ ఊళ్లో ఏటా ఎండాకాలంలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. పోటీలు అయిపోయిన సాయంత్రం ఆర్కెస్ట్రా. పొద్దుండగానే మొదలుపెట్టి దీపాల వేళకి ముగించాలని కమిటీవాళ్ల షరతు. దూరం నుంచి ఎడ్లబండ్ల మీద, నడిచీ వచ్చే ఆడవాళ్లూ పిల్లలూ ఉంటారు, చీకటి పడకముందు బయల్దేరాలి.

మేం కంకిపాడు, ఉయ్యూరు దాటి ఎండ మండుతుండగా చేరుకున్నాం. ఎడ్లు బండ లాగిన బాట పొడుగ్గా, దుమ్ముగా ఉంది. బాటకు ఇవతల మా స్టేజీ. అవతల, సరిగ్గా మాకెదురుగా, గ్యాలరీ. సరుగుడు బాదులు నాటి, అడ్డకర్రలు కట్టి, వాటి మీద చెక్కలు పరిచి మెట్లు మెట్లుగా కట్టింది. పై వరస తాడిచెట్టు సగం ఎత్తున ఉంది. పోటీలు చూసేవాళ్ల కళ్లల్లో ఎండ పడకూడదని దాన్ని పడమటి పక్కన కట్టారు. అందువల్ల ఎండంతా పాడేవాళ్ల మొహాన కొడుతుంది. గ్యాలరీ పైమూల బాదుకి ఒక మైకు హారన్ కట్టి ఉంది.

మేం పాట మొదలుపెట్టేసరికి గ్యాలరీ కిటకిటలాడుతోంది. ఎక్కేందుకూ దిగేందుకూ నడుమన ఒకటే సన్నటి చెక్క దారి. కింద, బాదుల మధ్య నీడ ఉందని, చంటిపిల్లల తల్లులు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఒక సోడా బండి కూడా అక్కడే పెట్టారు. స్టేజీ ముందు కుర్చీల్లో కమిటీవాళ్లు, వాళ్ల పక్కన తెల్ల చొక్కాలో కాసెట్ కంపెనీ ఆయన.

భక్తిపాటతో మొదలుపెట్టాం. రెండు మెలోడీలు అయ్యాయి. జనం బుద్ధిగా కూర్చుని విన్నారు. తర్వాత నేను వెండి కోటులో బయటికి వచ్చాను.

ఆ రోజు నా గొంతు ఎంత బాగుందో ఇప్పుడు చెబితే గొప్పలనుకుంటారు. చెబుతాను. అంత బాగా నేను అంతకుముందు పాడలేదు. మొదటి చరణానికే గ్యాలరీ లేచి నిలబడింది. రెండో చరణానికి చేతులు పైకెత్తారు. డ్రమ్ము దెబ్బకీ వాళ్ల కాలి దెబ్బకీ తేడా లేదు. చెక్కల మీద అన్ని కాళ్లూ ఒక్కసారే పడుతుంటే ఆ చప్పుడు బాట దాటి వచ్చి నా అరికాళ్లకు తగులుతోంది. ఓరకంట చూస్తే కాసెట్ ఆయన కూడా మోకాలి మీద తాళం వేస్తున్నాడు.

అలవాటు చొప్పున చివరి వరసవాళ్ల కాళ్లు చూశాను.

కాళ్ల పక్కనే మూలబాదు, దానికి హారన్, హారన్ వెనకాల దూరంగా తాడిచెట్టు. హారన్ చెట్టుకి కుడిపక్కన ఉంది. దెబ్బ పడగానే ఎడమ పక్కకి వచ్చింది. ఇంకో దెబ్బకి మళ్లీ కుడిపక్కకి పోయింది.

ఎండ కళ్లల్లో కొడుతోంది కదా, భ్రమేమో అనుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టి, అదేదో డాన్సులో భాగమైనట్టు నటిస్తూ మళ్లీ చూశాను. హారన్ ఒక్కటే కాదు. పై వరస మొత్తం, మనుషులతో సహా, ఒక పక్కకి ఒరిగి మళ్లీ ఇటు వస్తోంది. మేం వేసే తాళానికి సరిగ్గా. పాట సాగేకొద్దీ ఆ ఒరగడం కాస్త కాస్త పెరుగుతోంది.

నోట్లో మాట ఆగిపోయింది. ఒక లైను మొత్తం పోయింది. జనం అది గమనించలేదు, వాళ్లే పాడేశారు. గమనించింది డ్రమ్మరు.

పాట మధ్యలో వాయిద్యాల బిట్టు వచ్చింది. గిరగిరా తిరుగుతూ వాడి దగ్గరికి వెళ్లాను.

"తమ్ముడూ, గ్యాలరీ మూల హారన్ చూడు. చెట్టును చూసి హారన్‌ను చూడు."

వాడు వాయిస్తూనే చూశాడు. వాడి మొహంలో నవ్వు పోయింది.

"ఊగుతోంది అక్కా."

"మన తాళానికే ఊగుతోంది."

"ఆపెయ్యనా?"

పక్కనే ఉన్న మాస్టారి చెవిలో చెప్పాను. ఆయన కళ్లు చికిలించి చూశారు. ఆయనకి దూరంచూపు తక్కువ. "నాకేం కనపడటంలేదమ్మా" అన్నారు. "అయినా మధ్యలో ఆపొద్దు. ఏమైందోనని అందరూ ఒక్కసారే కిందికి ఉరుకుతారు. ఆ ఒక్క దారీ చూశావుగా. ముందు పాట ముగించు."

ఆయన చెప్పింది సబబే. ముగించాను. అంత పొట్టిగా ఆ పాట ఎప్పుడూ ముగించలేదు.

పాట ఆగితే కాళ్లు ఆగుతాయి, అప్పుడు నెమ్మదిగా దించవచ్చు అనుకున్నాను. కానీ గ్యాలరీలోంచి "వన్స్ మోర్" అని లేచింది. వన్స్ మోర్, దబ్. వన్స్ మోర్, దబ్. మా డ్రమ్ము అవసరం కూడా లేదు వాళ్లకి. హారన్ ఇప్పుడు చెట్టును దాటి బాగా అటు పోయి వస్తోంది. కింద నీడలో ఒక తల్లి చంటిపిల్లను ఒళ్లో వేసుకుని ఊపుతూ ఉంది.

స్టేజీ పక్కన కమిటీ పెద్దాయన నిలబడి మీసం దువ్వుకుంటున్నారు. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"బాబాయిగారూ, గ్యాలరీ ఊగుతోందండి. జనాన్ని దించాలి."

"ఎడ్ల పందేలు జరిగినన్నాళ్లూ ఇంతమందీ దానిమీదే కూర్చున్నారమ్మా. ఏమన్నా అయిందా?"

"అప్పుడు కూర్చున్నారండి. ఇప్పుడు గెంతుతున్నారు."

ఆయన అటు తిరిగి కాసేపు చూశారు. ఆయనకి కనపడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గొంతు మాత్రం తగ్గించారు. "చూడమ్మా, పడిపోద్దని మైకులో అన్నావంటే తొక్కుకుని చస్తారు. కింద ఆడోళ్లున్నారు. ఆ మాట మాత్రం నీ నోట రానివ్వమాక."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"పాడమ్మా. పాడటానికేగా వచ్చింది."

మైకు దగ్గరికి తిరిగి వచ్చాను. మాస్టారు చెప్పిందీ నిజమే, పెద్దాయన చెప్పిందీ నిజమే. ఆపకూడదు, చెప్పకూడదు. పాడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పాడకూడదు కూడా. ఈ మూడూ వదిలేస్తే నా చేతిలో ఇంకేం ఉంది?

జనం గ్యాలరీ నుంచి వాళ్లంతట వాళ్లు ఎప్పుడు దిగుతారు? ఎవరూ తొక్కుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు, కబుర్లు చెప్పుకుంటూ ఎప్పుడు దిగుతారు? అది నాకు తెలుసు. పాడేవాళ్లందరికీ తెలుసు, ఆ భయంతోనే స్టేజీ ఎక్కుతాం. పాట బాగాలేనప్పుడు దిగుతారు.

డ్రమ్మరు వైపు వంగాను. "మళ్లీ అదే పాట. తాళం తప్పించు."

"అంటే?"

"కాలు వెయ్యడానికి వీల్లేకుండా వాయించు. ఒకసారి ముందు వెయ్యి, ఒకసారి వెనక వెయ్యి. వాళ్లు అందుకోగానే మార్చెయ్యి."

వాడు నావైపు చూసి, ముందు కుర్చీల వైపు చూశాడు. "అక్కా, కాసెట్ ఆయన."

"కనపడుతున్నాడు."

వాడు ఇంకేం అడగలేదు. కర్రలు ఎత్తాడు.

తాళం ఉన్నవాడికి తాళం తప్పడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. వాడి చేతులు వాటంతట అవే సరైన చోటికి పోతున్నాయి, వాడు బలవంతాన లాక్కుంటున్నాడు. మొహమంతా చెమట. నేను పాట ఎత్తుకున్నాను. ఉండాల్సిన శ్రుతికి కాస్త కింద. గొంతులో ప్రాణం లేకుండా, నిద్రమొహంతో అప్పజెప్పినట్టు. గ్యాలరీ మొదట ఉత్సాహంగా అడుగు వేసింది, అడుగు తాళంలో పడలేదు. మళ్లీ వేసింది, మళ్లీ పడలేదు. సగంమంది ఒకచోట, సగంమంది ఇంకోచోట వేశారు. చప్పుడు చెల్లాచెదురైంది. హారన్ ఊపు తగ్గింది.

మాస్టారు అకార్డియన్ మీంచి తలెత్తి, "ఏం పాడుతున్నావమ్మా" అన్నారు. నేను పాడుతూనే ఉన్నాను. ఆగి జవాబు చెబితే నవ్వో ఏడుపో వచ్చేది.

ముందు నవ్వులు వినపడ్డాయి. తర్వాత, "ఏమైందమ్మా, గొంతు పట్టేసిందా?" అని ఎవరో అడిగారు. నేను అదే చరణం మళ్లీ మొదలుపెట్టాను. ఇంకోసారి మొదలుపెట్టాను. పై వరసలో ఒకాయన తుండు దులుపుకుని లేచాడు. ఆయన వెనకాల భార్య, పిల్లలు. వాళ్లని చూసి పక్కవాళ్లు. చెక్క దారి వెంట జనం మెల్లగా దిగుతున్నారు. పాట పాడే మనిషికి ఏది జరగకూడదో, అదే ఇంకా ఇంకా జరగాలని లోపల ప్రార్థన చేస్తున్నాను. చర్చిలో కూడా ఎప్పుడూ అంత నిజంగా చెయ్యలేదు.

సగం గ్యాలరీ ఖాళీ అయింది. ఇంక ఫరవాలేదు అనుకుంటుండగా నడి వరసల్లో ఉన్న కుర్రాళ్ల గుంపొకటి కదలకుండా నిలబడింది. నా పోస్టరు చూసి చాలా దూరం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కోపం న్యాయమైనదే. అందరూ కలిసి స్టేజీ వైపు వేళ్లు చూపిస్తూ అరవసాగారు.

"దిగు. దిగు. దిగు."

ప్రతి 'దిగు'కీ ఒక కాలి దెబ్బ. నేను వాళ్లకి చెప్పలేకపోయిన మాట వాళ్లు నాకు చెబుతున్నారు. వాళ్లకి మా డ్రమ్మరు తాళంతో పనిలేదు, వాళ్ల తాళం వాళ్లకి ఉంది. హారన్ మళ్లీ చెట్టు దాటింది. ఎక్కడో కర్ర కిర్రుమన్న చప్పుడు విన్నాను. విన్నాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. కింద ఆ చంటిపిల్ల తల్లి ఇంకా అక్కడే ఉంది.

పాట ఆపాను. మైకు పట్టుకుని, ఎప్పుడూ స్టేజీ మీద మాట్లాడని గొంతుతో మాట్లాడాను.

"నచ్చకపోతే దూరంగా నిలబడి అరవడం కాదు. మగాళ్లయితే ఇక్కడికొచ్చి చెప్పండి."

ఆడపిల్ల, అందులోనూ వెండి ప్యాంటు వేసుకున్న ఆడపిల్ల, ఆ ఊళ్లో మైకులో ఆ మాట అనడం. మాస్టారు "అమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నారు.

కుర్రాళ్లు దిగారు. పక్కల నుంచి, ఒకడి వెనక ఒకడు, దూకుతూ జారుతూ దిగారు. బాట దాటి మా మీదికి వస్తున్నారు. ఇక్కడేదో గొడవ జరుగుతోందని గ్యాలరీ కింద కూర్చున్న ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, చూడటానికి బయటికి వచ్చారు. సోడా బండివాడు కూడా వచ్చాడు. పైన మిగిలినవాళ్లు దగ్గర్నుంచి చూద్దామని దిగారు.

కమిటీవాళ్లు స్టేజీ ముందు చేతులు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. వాళ్ల తలల మీంచి మట్టి వచ్చి పడింది. తర్వాత చెప్పులు. ఒక మట్టిగడ్డ నా మెడ కింద తగిలి చమ్కీలు రాలాయి. నేను మళ్లీ ఆ చరణమే ఎత్తుకున్నాను. ఎందుకంటే పై వరసలో ఒక ముసలాయన ఇంకా కర్ర వెతుక్కుంటున్నాడు. ఆయన దిగేదాకా వీళ్ల చూపు మా మీదే ఉండాలి. మాస్టారికి నా మీద పట్టరాని కోపం, మొహం చూస్తే తెలుస్తోంది. అయినా ఆ పొట్టి మనిషి అకార్డియన్ భుజాన ఉండగానే వచ్చి, జనానికి వీపు పెట్టి నా ముందు నిలబడ్డారు. ఆయన వీపు మీద మట్టి టపటపా పడటం నాకు వినిపిస్తూనే ఉంది.

ముసలాయన దిగాడు. గ్యాలరీ మీద ఇంకెవరూ లేరు. నేను పాడటం ఆపాను. పెద్దాయన వచ్చి నా చేతిలో మైకు లాక్కున్నారు.

జనానికి సర్దిచెప్పి పంపించాక ఆయన నన్నూ డ్రమ్మరునీ గ్యాలరీ దగ్గరికి తీసుకెళ్లారు. రెండు చేతులతో మూలబాదు పట్టుకుని ఊపారు. అది కదల్లేదు. ఇంకో బాదు పట్టుకుని ఊపారు. అదీ కదల్లేదు.

"ఏదమ్మా ఊగేది?"

డ్రమ్మరు కిందికి దూరి ఒకచోట చూపించాడు. తాడు కట్టు జారింది, అది ఒరుసుకున్న మేర కర్ర తెల్లగా కనపడుతోంది. పెద్దాయన వంగి చూశారు. "కట్టినకాణ్ణుంచీ అట్టాగే ఉందేమో, ఎవరికి తెలుసు?" అన్నారు. నిజమే, ఎవరికి తెలుసు? మర్నాడు కూలివాళ్లు మామూలుగా దాన్ని విప్పేశారట. ఏమీ కూలలేదు. ఎవరికీ గీత కూడా పడలేదు.

కాసెట్ ఆయన అప్పటికే కారు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను మట్టి కోటుతోనే వెళ్లి జరిగింది చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తలతిప్పి గ్యాలరీ వైపు చూశాడు. ఖాళీగా, ఎర్రటి ఎండలో, నిటారుగా ఉంది.

"నిలబడే ఉంది కదమ్మా" అన్నాడు. "జనం తిరగబడితే ఎవరికైనా గొంతు పోతుంది. దానికి కారణం వెతుక్కోనక్కర్లేదు."

ఆ కాసెట్ వేరే అమ్మాయితో వచ్చింది. కొనుక్కుని విన్నాను. బాగా పాడింది, అబద్ధం చెప్పకూడదు. డిస్కో అమ్మాయి తాళం తప్పుతుందట, జనంతో గొడవ పెట్టుకుంటుందట అని దివిసీమ దాకా పాకింది. మాస్టారు కొన్నాళ్లు నన్ను పిలవలేదు. తర్వాత ఒకరోజు ఏమీ జరగనట్టే గుమ్మంలోకి వచ్చి, "రేపు గుడివాడలో ఉందమ్మా" అన్నారు. నన్ను నమ్మారో లేదో ఆయన పోయేదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు. డిస్కో మోజు దానంతట అదే తగ్గిపోయింది. నేను స్కూల్లో సంగీతం టీచరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను.

డ్రమ్మరు ఇప్పుడు మంగళగిరిలో చీరల షాపు నడుపుతున్నాడు. మొన్నామధ్య వెళ్తే టీ తెప్పించి, "అక్కా, అది నిజంగా ఊగిందంటావా?" అన్నాడు.

"నువ్వే కదా చూసింది."

"చూశాననే అనుకున్నా. కానీ ఎండ ఎదురుగా ఉంది కదా. మనం భయపడి చూశామేమో."

వాడి మీద చాలా కోపం వచ్చింది. నాకున్న సాక్షి వాడొక్కడే. బస్సులో తిరిగి వస్తుంటే కోపం తగ్గింది. జరగనిదానికి సాక్ష్యం ఎవరు మాత్రం ఏం చెబుతారు? పడిపోయి ఉంటే పేపర్లో నా పేరు వచ్చేది, నన్ను మెచ్చుకునేవాళ్లు. పడలేదు కాబట్టి నేనొక తాళం తప్పిన సింగర్ని. ఈ రెండింట్లో ఏది కావాలని ఎవరైనా నన్ను అడిగితే, ఆలోచించి చెప్పాల్సినంత కష్టమైన ప్రశ్న కాదది.

పిల్లలూ, మీరు పాడే ట్రాకులు మధ్యలో తాళం తప్పవు. అది మంచిదే. కానీ ఆ లాప్‌టాప్ దగ్గర మీరు నమ్మే మనిషిని ఒకరిని కూర్చోబెట్టుకోండి. మీరు ఆపమంటే ఎందుకని అడక్కుండా ఆపే మనిషిని. నేను సలహా ఇవ్వగలిగింది అంతే.

ఆ సాయంత్రం వ్యాన్ ఎక్కేముందు జరిగింది ఒకటి చెప్పడం మిగిలింది.

డ్రమ్ములు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. నేను బకెట్‌లో నీళ్లతో మొహం కడుక్కుంటున్నాను. ఇద్దరు ఆడపిల్లల చేతులు పట్టుకుని ఒకావిడ నా ముందుకు వచ్చి నిలబడింది. పొలం పనులు చేసుకునే మనిషి, ఎండకు కమిలిన మొహం. పెద్దపిల్ల ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మీరేనా పాడింది?" అంది.

"నేనేనమ్మా."

"పిల్లలు ఎన్నాళ్లనుంచో పాట పాట అని పానం తీస్తంటే, పని మానుకుని నడిపించుకొచ్చా. మీరేమో పాట అట్టా పాడారు. పాడలేనప్పుడు రాకుండా ఉండాల్సింది. ఊరికే మనుషుల్ని ఆశపెట్టడమెందుకు?"

మాస్టారు ఏదో అనబోతే వద్దని సైగ చేశాను.

"ఎక్కడ కూర్చున్నారమ్మా మీరు?"

"అదిగో, ఆ పైన. చివరి వరసలో. పిల్లలకు బాగా కనపడిద్దని ఎక్కించా."

చిన్నపిల్ల నా కోటుకున్న చమ్కీల వైపే చూస్తోంది. పెద్దపిల్ల నా మొహం చూడటం ఇష్టం లేక తల తిప్పుకుంది. ఇద్దరి కాళ్లకూ దుమ్ము కొట్టుకుని ఉంది.

"తప్పయిందమ్మా" అన్నాను.

ఆ మాటతో ఆవిడ కొంచెం మెత్తబడింది. "ఈసారన్నా సరిగ్గా పాడండి" అంది.

"సరేనమ్మా. పాడతాను."

ఆవిడ తల ఊపి, పొద్దు వంక చూసి, పిల్లలిద్దర్నీ తొందరపెడుతూ కాలవ గట్టు మీదికి ఎక్కించింది. చిన్నది నడవనని మొరాయిస్తే వీపున ఒకటి వేసి, వెంటనే చంకన ఎత్తుకుంది. ముగ్గురూ గట్టు వెంట కనుమరుగయ్యేదాకా నేను వ్యాన్ ఎక్కకుండా చూస్తూ నిలబడ్డాను.